లాభనష్టాల పట్టిక చదవడం నేర్చుకుందాం



ఇదివరకు పూర్వ విద్యార్థులు హాస్టల్‌కు వస్తే గ్రూప్స్, డి.ఎస్సీ., బ్యాంకు పరీక్షల గురించే మాట్లాడుకునేవాళ్ళం. ఈ మధ్య వాటితోపాటు ఇంకో ప్రశ్న వినిపిస్తోంది. "ఏ షేరు కొంటే బాగుంటుంది?" అని. సెల్‌ఫోన్‌లోనే డీమ్యాట్ ఖాతా తెరుచుకునే రోజులివి. మొదటి జీతం చేతికి రాగానే సలహాలు చెప్పేవాళ్ళు చుట్టూ చేరుతున్నారు.

మా ఇళ్ళలో డిగ్రీ పట్టా తెచ్చింది మొదట మేమే. వాటా, డివిడెండు అనే మాటలు ఎం.కామ్. తరగతిలో విన్నాం గాని ఇంట్లో ఎన్నడూ వినలేదు. మీలో చాలామంది పరిస్థితీ ఇదే. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని విషయాన్ని ముందు చదివినవాళ్ళు తరువాతి వాళ్ళకు చెప్పాలి. అందుకే ఈ పాఠం. ఏ షేరు కొనాలో ఇందులో చెప్పడం లేదు. కొనేముందు ఆ కంపెనీ కాగితం ఎలా చదవాలో మాత్రం చెబుతున్నాం.

మన పెద్దలు సంతలో గేదెను కొనేటప్పుడు పళ్ళు చూస్తారు, సుడులు చూస్తారు, ఎన్నో ఈత అని అడుగుతారు, పాలు పితికించి చూస్తారు. అంతేగాని బేరగాడి మాట నమ్మి పగ్గం పట్టుకోరు. కంపెనీ వాటా కొనడం కూడా అలాంటిదే. పాలెన్ని ఇస్తోంది, మేతకు ఎంత అవుతోంది అన్నది చెప్పే కాగితమే లాభనష్టాల పట్టిక.

1. ఏమిటీ పట్టిక?

ఇంటర్‌లో సి.ఇ.సి. చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ గుర్తుండే ఉంటాయి. మిగతా గ్రూపుల వారి కోసం ఒక పోలిక చెబుతాం. ఊరి చెరువును తీసుకోండి. మార్చి 31వ తేదీన చెరువులో ఎంత నీరుందో చెప్పేది ఆస్తి అప్పుల పట్టీ. ఏడాది పొడుగునా వాగులోంచి ఎంత వచ్చింది, తూముల ద్వారా ఎంత పోయింది, చివరికి ఎంత మిగిలింది అని చెప్పేది లాభనష్టాల పట్టిక. మన దేశంలో కంపెనీల లెక్కల సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. ఈ పట్టికలో ఏ వరుస తరువాత ఏ వరుస రావాలో 2013 కంపెనీల చట్టం మూడో షెడ్యూలులో ఉంది. కావున ఒక కంపెనీ పట్టిక చదవడం వస్తే చాలావరకు మిగతా కంపెనీలవీ చదవగలం. బ్యాంకులు, బీమా కంపెనీల పట్టిక రూపం వేరు. కొత్తవాళ్ళు వాటితో మొదలుపెట్టకపోవడం మంచిది.

2. టిఫిన్ బండి లెక్క

కంపెనీ పట్టిక చూసే ముందు చిన్న లెక్క ఒకటి చేద్దాం. కూడలిలో ఒక భార్యాభర్తలు టిఫిన్ బండి నడుపుతున్నారు అనుకోండి. ఇది వారి ఒక నెల లెక్క. అంకెలు పాఠం కోసం మేము వేసుకున్నవే.

అమ్మకాలు 90,000 రూపాయలు. ఇందులో 15,000 రూపాయల టిఫిన్లు పక్కనున్న ఒక ఆఫీసువారు ఖాతా మీద తీసుకున్నారు. డబ్బు వచ్చే నెల ఇస్తారు. అయినా అమ్మకం జరిగింది గనుక మొత్తం 90,000 ఈ నెల రాబడే. ఈ నియమాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. దీనితో తరువాత పని ఉంది.

సరుకుల ఖర్చు ఎంత? నెల మొదట్లో 3,000 రూపాయల బియ్యం, మినపప్పు, నూనె నిల్వ ఉన్నాయి. నెలలో 50,000 పెట్టి కొన్నారు. నెలాఖరుకు 5,000 విలువైన సరుకు మిగిలింది. అనగా వాడింది 48,000. మన మెస్ కమిటీలో ఉన్నవారికి ఇది కొత్త కాదు. స్టాకు రిజిస్టరులో ఓపెనింగ్ బాలన్స్, వచ్చిన సరుకు, క్లోజింగ్ బాలన్స్ చూసి ఎంత వాడారో తేల్చేది ఇలాగే. 90,000లో 48,000 పోగా 42,000 స్థూల లాభం.

పనికుర్రాడి జీతం 12,000, స్థలం అద్దె, ఇతర ఖర్చులు 6,000. ఈ 18,000 తీసేస్తే మిగిలేది 24,000.

బండి, పొయ్యి, గ్రైండరు కలిపి 96,000 పెట్టి కొన్నారు. అవి నాలుగేళ్ళు, అంటే 48 నెలలు పనిచేస్తాయని అంచనా. నెలకు 2,000 చొప్పున అరిగిపోతున్నాయన్నమాట. దీన్నే తరుగుదల అంటారు. ఈ నెల ఎవరి చేతికీ ఆ 2,000 ఇవ్వలేదు. అయినా అది ఖర్చే. నాలుగేళ్ళ తరువాత కొత్త బండి కొనడానికి డబ్బు ఉండాలి కదా! ఇప్పుడు మిగిలింది 22,000. అప్పు మీద వడ్డీ 3,000 కట్టారు. మిగిలింది 19,000.

ఇంతలో ఒక సంగతి జరిగింది. మూలపడి ఉన్న పాత గ్రైండరును 6,000కు అమ్మారు. లెక్కల్లో దాని విలువ ఎప్పుడో సున్నా అయిపోయింది. కనుక మొత్తం 6,000 లాభమే. ఈ నెల లాభం 25,000 అయింది. పోయిన నెల లాభం 21,000.

"మా లాభం 4,000 పెరిగింది" అని బండి యజమాని చెబితే అబద్ధం కాదు. కాని వ్యాపారం మీద వచ్చిన లాభం 21,000 నుంచి 19,000కు తగ్గింది. గ్రైండరు ప్రతి నెలా అమ్మలేం. కంపెనీలు భవనాలు, స్థలాలు అమ్మిన సంవత్సరం లాభం ఒక్కసారిగా ఎగబాకడం వెనుక ఉండేది ఇదే.

రెండో సంగతి. లాభం 25,000 అన్నాం. గల్లాపెట్టెలో ఎంత చేరింది? చేతికి వచ్చిన అమ్మకపు సొమ్ము 75,000, గ్రైండరు సొమ్ము 6,000, మొత్తం 81,000. సరుకులకు 50,000, జీతం అద్దెలకు 18,000, వడ్డీకి 3,000, మొత్తం 71,000 పోయింది. మిగిలింది 10,000 మాత్రమే. ఖాతా పెట్టిన ఆఫీసువారు డబ్బు ఎగవేస్తే ఆ లాభం కాగితం మీదే ఉండిపోతుంది. కాబట్టి లాభం వేరు, నగదు వేరు.

మూడో సంగతి లెక్కలో కనిపించనిది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పిండి రుబ్బిన ఆ ఇల్లాలి కూలి ఏ పద్దులోనూ లేదు. భర్త కూలీ లేదు. వారిద్దరి కష్టానికి ఊళ్ళో కూలి రేటు కట్టి తీసేస్తే అసలు లాభం ఎంతో తేలుతుంది. మన అమ్మానాన్నల కొట్లు, కౌలు సేద్యం లెక్క వేసేటప్పుడు కూడా ఈ పద్దు రాయండి. చాలాచోట్ల లాభం అనుకున్నది వారి కూలికి కూడా సరిపోదని తెలుస్తుంది. కంపెనీలో అయితే డైరెక్టర్ల జీతంతో సహా ప్రతి జీతమూ ఖర్చులో రాస్తారు.

3. కంపెనీ పట్టికలోని వరుసలు

ఇప్పుడు కంపెనీ కాగితం తీయండి. ముందుగా పైమూల చూడాలి. అంకెలు లక్షల్లో ఉన్నాయా, కోట్లలో ఉన్నాయా అని అక్కడ రాసి ఉంటుంది. అది చూడకపోతే వంద రెట్లు తప్పు చదువుతాం. అంకె చుట్టూ బ్రాకెట్లు ఉంటే అది మైనస్ అని అర్థం. లాభం వరుసలో అలా ఉంటే నష్టం వచ్చిందన్నమాట. 'స్టాండలోన్' అంటే ఆ ఒక్క కంపెనీ లెక్క. 'కన్సాలిడేటెడ్' అంటే దాని అనుబంధ కంపెనీలతో కలిపిన లెక్క. రెండూ ఉంటే రెండోది తప్పక చూడాలి. పిల్ల కంపెనీల్లో నష్టాలుంటే బయటపడేది అందులోనే.

కార్యకలాపాల రాబడి: అసలు వ్యాపారం మీద వచ్చింది. ఇది ఏటేటా పెరుగుతోందా అన్నది మొదటి ప్రశ్న.

ఇతర ఆదాయం: బ్యాంకు వడ్డీలు, డివిడెండ్లు మొదలైనవి. లాభంలో ఎక్కువ భాగం దీనివల్లే వస్తుంటే అసలు వ్యాపారం బలహీనంగా ఉందని అర్థం.

వాడిన ముడిసరుకు, సరుకు నిల్వల్లో మార్పు: అమ్ముడుపోని సరుకు గోదాములో పెరిగితే దాని విలువ ఈ ఏడాది ఖర్చులోంచి తగ్గుతుంది. అమ్మకాలు పెరగకుండా నిల్వలు మాత్రం ఏటా పెరుగుతుంటే అనుమానించాలి.

ఉద్యోగుల ఖర్చు, ఇతర ఖర్చులు: రాబడిలో ఇవి ఎంత శాతమో లెక్కవేసి, పోయిన ఏడాదితో పోల్చాలి. 'ఇతర ఖర్చులు' బాగా పెరిగితే దాని పక్కనున్న నోట్ నంబరు పట్టుకుని వెనుక పేజీల్లో వివరం చూడాలి.

వడ్డీ ఖర్చు: వడ్డీ, పన్ను కట్టకముందు ఉన్న లాభాన్ని వడ్డీతో భాగించండి. మన టిఫిన్ బండికి అది 22,000ను 3,000తో భాగిస్తే ఏడు రెట్ల పైన. ఇలా వచ్చిన అంకె ఒకటికి దగ్గరగా ఉంటే ఆ కంపెనీ అప్పులవాళ్ళ కోసమే పనిచేస్తున్నట్టు.

అసాధారణ అంశాలు: మన గ్రైండరు లాంటివి. లాభమైనా నష్టమైనా వీటిని పక్కన పెట్టి మిగతాది పోల్చాలి.

పన్ను: 2019లో వచ్చిన మార్పు ప్రకారం మినహాయింపులు వదులుకున్న స్వదేశీ కంపెనీలకు సర్‌చార్జీ, సెస్సులతో కలిపి సుమారు 25.17 శాతం పన్ను పడుతుంది. ఒక కంపెనీ పన్ను దీనికి చాలా తక్కువగానో ఎక్కువగానో ఉంటే కారణం నోట్స్‌లో వెతకాలి.

వీటన్నిటి తరువాత వచ్చేదే నికర లాభం. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది ఈ ఒక్క అంకె. పైనున్న వరుసలు చదవకుండా ఈ అంకె చదివితే అది ఎలా వచ్చిందో తెలియదు.

4. ఒక్కో వాటాకు ఎంత?

నికర లాభాన్ని వాటాల సంఖ్యతో భాగిస్తే వాటాకు ఆర్జన వస్తుంది. పట్టిక చివర 'ఇ.పి.ఎస్.' అని ఉండేది ఇదే. ఒక కంపెనీ లాభం 20 కోట్లు, వాటాలు 10 కోట్లు అనుకోండి. వాటాకు 2 రూపాయలు. మరుసటి ఏడాది లాభం 24 కోట్లకు పెరిగింది. కాని కంపెనీ కొత్తగా 5 కోట్ల వాటాలు అమ్మింది. 24 కోట్లను 15 కోట్లతో భాగిస్తే 1 రూపాయి 60 పైసలు. కంపెనీ లాభం 20 శాతం పెరిగింది, మన వాటాకు వచ్చేది 20 శాతం తగ్గింది. కుండలో కూర కొంచెం పెరిగి, పంక్తిలో మనుషులు బాగా పెరిగినట్టు.

వాటా ధరను వాటా ఆర్జనతో భాగిస్తే 'పి.ఇ.' నిష్పత్తి వస్తుంది. ధర 40, ఆర్జన 2 అయితే పి.ఇ. 20. ఒక రూపాయి ఆర్జనకు 20 రూపాయలు ఇస్తున్నామన్నమాట. చాలామంది "పది రూపాయల షేరు చవక, వెయ్యి రూపాయల షేరు ఖరీదు" అనుకుంటారు. పది రూపాయల వాటాకు ఆర్జన పది పైసలైతే పి.ఇ. 100. వెయ్యి రూపాయల వాటాకు ఆర్జన వంద రూపాయలైతే పి.ఇ. 10. ఏది ఖరీదో మీరే చెప్పండి. పి.ఇ. తక్కువ ఉన్నదల్లా మంచిదని కూడా కాదు. గ్రైండరు అమ్మిన సంవత్సరంలో పి.ఇ. ఉత్తినే తగ్గి కనిపిస్తుంది.

5. సత్యం నేర్పిన పాఠం

ఈ పట్టికను ఎంతవరకు నమ్మాలి? దీనికి మన హైదరాబాద్‌లోనే జవాబు ఉంది. సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఒకప్పుడు దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకటి. కార్పొరేట్ పరిపాలన బాగుందని 2008లో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ బి. రామలింగరాజు తమ లెక్కలు నిజమైనవి కావని ఒప్పుకుంటూ డైరెక్టర్ల బోర్డుకు లేఖ రాశారు.

ఆ లేఖలోని అంకెలు ఈ పాఠానికి చాలా ముఖ్యం. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు కంపెనీ చూపిన రాబడి 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు. అసలు రాబడి 2,112 కోట్లు, అసలు నిర్వహణ లాభం 61 కోట్లు. అనగా 24 శాతం లాభం అని చూపిన చోట నిజంగా ఉన్నది 3 శాతం.

ఇప్పుడు తీసివేత చేయండి. 2,700లోంచి 2,112 పోతే 588. 649లోంచి 61 పోతే 588. రెండూ ఒకటే! ఎందుకంటే జరగని అమ్మకానికి ఖర్చు ఉండదు. దొంగ రాబడి మొత్తం నేరుగా లాభంలో కలుస్తుంది.

మరి లాభం వచ్చినట్టు రాస్తే ఆ డబ్బు ఎక్కడో ఉన్నట్టు చూపాలి కదా! అందుకే ఆస్తి అప్పుల పట్టీలోనూ లేని సొమ్ము రాశారు. నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు అని చూపితే అందులో 5,040 కోట్లు లేవని ఆ లేఖ చెప్పింది. రావలసిన వడ్డీ అని రాసిన 376 కోట్లు కూడా లేవు. ఏ ఒక్క సంవత్సరంలోనో కాదు, ఏళ్ళ తరబడి పెరుగుతూ వచ్చిన అబద్ధం అది. ఆ ఒక్కరోజే వాటా ధర సుమారు 179 రూపాయల నుంచి 40 రూపాయలకు పడిపోయింది. అందులో రిటైరైనవారి పొదుపు ఉంది, ఉద్యోగుల పొదుపు ఉంది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకోవడానికి ముందుకు వచ్చింది. 2013లో తనలో విలీనం చేసుకుంది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ జైలుశిక్ష వేసింది. అప్పీలుపై ఆ శిక్షను మే నెలలో నిలుపుదల చేశారు.

ఆ లెక్కల మీద ఆడిటర్ల సంతకం ఉంది. కాబట్టి సంతకం ఉన్నంత మాత్రాన సరిపోదు. అలాగని ఏ పట్టికనూ నమ్మకూడదనీ కాదు. ఒక పట్టికను ఇంకో పట్టికతో సరిచూడాలి. నికర లాభం పెరుగుతుంటే నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం ద్వారా వచ్చిన నగదు కూడా పెరుగుతోందా? వసూలు కావలసిన బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయా? బ్యాంకులో ఇంత ఉందని చెప్పే కంపెనీకి అందుకు తగిన వడ్డీ వస్తోందా? అంత సొమ్ము ఉండగా అప్పు ఎందుకు చేస్తోంది? మోసాన్ని పట్టుకోవడం మనవల్ల కాకపోవచ్చు. అనుమానం వచ్చినచోట డబ్బు పెట్టకుండా ఉండడం మాత్రం మనవల్ల అవుతుంది.

6. కాగితం ఎక్కడ దొరుకుతుంది?

దీనికి డబ్బు ఖర్చు లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ప్రతి కంపెనీ వార్షిక నివేదిక కంపెనీ వెబ్‌సైటులోనూ, బి.ఎస్.ఇ., ఎన్.ఎస్.ఇ. వెబ్‌సైట్లలోనూ ఉచితంగా దొరుకుతుంది. సెబీ నిబంధనల ప్రకారం మూడు నెలల ఫలితాలు ఆ త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోగా, సంవత్సర ఫలితాలు 60 రోజుల్లోగా ప్రకటించాలి. ఒక్క ఏడాది చూసి నిర్ణయానికి రావద్దు. నోటుబుక్కులో ఐదు నిలువు గీతలు గీసి, ఐదేళ్ళ రాబడి, వడ్డీ, నికర లాభం, వాటా ఆర్జన పక్కపక్కన రాయండి. తరువాత ఆడిటర్ నివేదిక చదవండి. అందులో అభ్యంతరం ఏదైనా రాసి ఉంటే, అది అర్థమయ్యేవరకు ముందుకు పోవద్దు.

7. డబ్బు పెట్టేముందు

మా పేటలో ఒకతను ఇంటింటికీ తిరిగి రోజువారీ చీటీలాగా డబ్బు కట్టించుకునేవాడు. రెండేళ్ళలో రెట్టింపు అని చెప్పాడు. కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళు కొంగున ముడివేసిన నోట్లు తీసి ఇచ్చారు. ఒకరోజు ఆఫీసుకు తాళం పడింది. ఆ సొమ్ము ఎక్కడ పెడుతున్నారు, రెట్టింపు ఎలా అవుతుంది, లెక్క కాగితం చూపించు అని అడిగినవాళ్ళు లేరు. అడగాలని తెలిసినవాళ్ళు లేరు. చదువుకున్న మనం ఉండగా ఇంకోసారి అలా జరగకూడదు. మన ఇంటికి అలాంటి మనిషి వస్తే అడగవలసింది మనమే.

ఇప్పుడు ఆ మనిషే వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల రూపంలో వస్తున్నాడు. సలహా అమ్మేవారికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు నిజమో కాదో సెబీ వెబ్‌సైటులో చూడవచ్చు. ఖాయంగా ఇంత లాభం వస్తుందని వాటాల విషయంలో ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి అసలే పోవద్దు. 2024 సెప్టెంబరులో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో వాటిలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు.

ఇంకొక మాట. స్కాలర్‌షిప్పు డబ్బు, చెల్లెలి ఫీజు, ఇంట్లో వైద్యానికి దాచిన డబ్బు వాటాల్లో పెట్టవద్దు. యాప్‌లో అప్పు తీసుకుని అసలే పెట్టవద్దు. ఉద్యోగం వచ్చాక ముందు ఇంటి బాకీ తీర్చండి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వేయండి. ఆ తరువాత మిగిలినదాంట్లో, పోయినా ఇంట్లో పొయ్యి ఆరదు అనుకున్నంత మాత్రమే పెట్టండి. తొందర లేదు. కాగితం చదవడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. చదవడానికి పెట్టుబడి అక్కరలేదు.

8. అభ్యాసం

'అ' కంపెనీ: పోయిన ఏడాది రాబడి 100 కోట్లు, నికర లాభం 10 కోట్లు. ఈ ఏడాది రాబడి 120 కోట్లు, నికర లాభం 11 కోట్లు.

'ఆ' కంపెనీ: పోయిన ఏడాది రాబడి 100 కోట్లు, నికర లాభం 10 కోట్లు. ఈ ఏడాది రాబడి 98 కోట్లు, నికర లాభం 14 కోట్లు. ఈ 14లో 7 కోట్లు స్థలం అమ్మగా వచ్చిన లాభం.

ప్రశ్న 1. ఏ కంపెనీ వ్యాపారం పెరిగింది?
ప్రశ్న 2. 'అ' కంపెనీని అడగవలసిన ప్రశ్న ఏమిటి?
ప్రశ్న 3. 'ఆ' కంపెనీ లాభం 40 శాతం పెరిగిందని పత్రికలో వస్తే మీరేమంటారు?

జవాబులు: 1. 'అ' కంపెనీది. 2. రాబడి 20 శాతం పెరిగితే లాభం 10 శాతమే పెరిగింది. ఏ ఖర్చు పెరిగింది, అది వచ్చే ఏడాది కూడా ఉంటుందా అని అడగాలి. 3. స్థలం సొమ్ము తీసేస్తే మిగిలేది 7 కోట్లే. వ్యాపారపు లాభం 30 శాతం తగ్గిందని చెప్పాలి.

మన స్టడీ హాలులో పటం ఉన్న డాక్టర్ అంబేడ్కర్ ఆర్థికశాస్త్రం చదివినవారు. రూపాయి సమస్యపై పరిశోధన చేసి 1923లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి డాక్టరేట్ పొందారు. డబ్బు లెక్కలు మనవి కావనే సంకోచం మనకు అక్కరలేదు. ఈ సెలవుల్లో మీకు తెలిసిన సబ్బు కంపెనీదో, సిమెంటు కంపెనీదో వార్షిక నివేదిక ఒకటి తీసి ఐదేళ్ళ లెక్క రాయండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గుర్తు పెట్టుకోండి. స్టడీ అవర్స్‌లో కలిసి కూర్చుని ఆ వరుస అర్థం చేసుకుందాం.